పొట్టేలు పీరా మెడ

1978 మార్చి 22, బెంగళూరు

ఇవాళ ఆయన తన ముక్కు తానే గోక్కున్నాడు.

మార్చి 23

నిన్న సంతోషంతో ఇంకేమీ రాయలేకపోయాను. చేయి లేచిందే గానీ వేళ్ళు విచ్చుకోలేదు. మణికట్టుతో రుద్దుకున్నాడు. పర్వాలేదు. ముక్కుకు వేళ్ళే కావాలని ఎవరన్నారు?

కొత్త నర్సు కన్నడంలో అడిగింది, మీ ఆయనను లారీ గుద్దిందా, చెట్టు మీద నుంచి పడ్డాడా అని. కాదు, హిందూపురంలో కబడ్డీ ఆడుతూ అని చెప్పాను. ఆమెకు నవ్వొచ్చింది. తర్వాత ఆయన తలవైపు చూసి ఆ నవ్వు మింగేసింది. చెవులకు పైన రెండు పక్కలా ఇనుప కొక్కేలు బిగించి, వాటికి తాడు కట్టి, మంచం తలాపున బరువులు వేలాడదీశారు. పక్కకు జారిన మెడ ఎముకను అవి మెల్లగా లాగి చోటికి తెస్తాయట. బరువులు ఊగితే ఆయన కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. అందుకే మంచం పక్కన నడిచేటప్పుడు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంటున్నాను, తాడుకు తగలకుండా.

మా అత్త అమీనాబీ ధర్మవరం నుంచి వచ్చింది. కొడుకు పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"పాదాలు వెచ్చగానే ఉండాయి లేమ్మే. పెనుకొండ దర్గాలో బాబయ్య ఉర్సుకంతా నడుస్తాడు, చూడు," అంది.

నడుస్తాడు.

ఆ హిందూపురం మైదానం గురించి మాత్రం ఇందులో రాయను.

మార్చి 30

మధ్యాహ్నం. ఆయన నిద్రపోతున్నాడు. ఏమీ తోచక కూర్చుంటే పెనుకొండ గుర్తొచ్చింది.

నేను పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్న ఏడాది. అక్కడ మా పుట్టిల్లు మైదానం గోడను ఆనుకునే ఉంటుంది. టోర్నమెంటు మొదలైన రోజు, మిద్దె మీద మిరపకాయలు తిరగేసే పని నాకే ఇవ్వమని అమ్మను అడిగాను. ఎప్పుడూ లేనిది ఈ పిల్లకు పని మీద ఇంత ప్రేమేమిటా అని ఆమె అనుకోలేదు పాపం.

ధర్మవరం జట్టు నుంచి ఒకడు కూతకు వెళ్ళాడు. పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. అవతలివాళ్ళు చేతులు కలిపి గొలుసు కట్టి చుట్టుముట్టారు. ఇక ఐపోయాడనుకున్నాను. ఆయన నడుము వంచి, తల పూర్తిగా కిందికి దించి, పొట్టేలు దూకినట్టు ఆ గొలుసు మధ్యలోకి దూరిపోయాడు. గొలుసు తెగింది. ఇద్దరు వెల్లకిలా పడ్డారు. ఆయన మాత్రం కూత ఆపకుండా, దుమ్ములోంచి దొర్లుకుంటూ వచ్చి గీత ముట్టాడు. "పొట్టేలు పీరా! పొట్టేలు పీరా!" అని జనం ఒకటే కేకలు. ఆ కూత పొడుగుకు నేనూ మిద్దె మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. నా ఊపిరే ముందు అయిపోయింది. ఒక్కసారిగా గాలి పీల్చేసరికి మిరప ఘాటు గొంతులోకి పోయి దగ్గు మొదలైంది. పీరాకు ఆ దగ్గు వినపడలేదు. గోడ పక్కన నిలబడిన జట్టు కెప్టెన్ తల ఎత్తి చూశాడు. ఆయనే నరసన్న. నరసింహులు. మగ్గం నేస్తాడు. ఆ మరుసటేడు మా నిఖా కుదిర్చింది కూడా ఆయనే. ఇప్పటికీ నన్ను చూస్తే ముందు దగ్గి, ఆ తర్వాతే మాట్లాడతాడు.

ఏప్రిల్ 4

గట్టిగా ఊపిరి తీసి పట్టుకోవడం ఆయనకు నేర్పమన్నాడు డాక్టరు. పక్కటెముకల కండలు పనిచేయడం లేదట. పొట్టతోనే ఊపిరి. "నాకు నేర్పేదేమి, కూత పెడతా చూడండి," అన్నాడు ఈయన. కబడ్డీ, కబడ్డీ. మూడోది రాలేదు. పక్క మంచాలవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను నీళ్ళు తెస్తానని కూజా తీసుకుని బయటికి వెళ్ళాను. కూజా నిండుగానే ఉంది.

ఏప్రిల్ 11

ఇవాళ పెద్ద డాక్టరు తీరిగ్గా చెప్పాడు. కబడ్డీలో ఇలా జరుగుతుందని నేను నమ్మడం లేదని ఎవరో చెప్పినట్టున్నారు.

తల ఎత్తి ఉన్నప్పుడు మెడలో ఒక చిన్న వంపు ఉంటుందట. దెబ్బ తగిలితే ఆ వంపూ, చుట్టూ ఉన్న కండలూ కలిసి పంచుకుంటాయి. తల దించగానే ఆ వంపు పోతుంది. ఎముకలన్నీ ఒకదాని మీద ఒకటి నిట్టనిలువుగా కర్రలా నిలబడతాయి. అప్పుడు నడినెత్తి ఎవరి తుంటికో మోకాలికో తగిలి ఆగిపోతే, తల ఆగుతుంది గానీ ఒళ్ళు ఆగదు. పరిగెత్తి వచ్చిన ఒళ్ళంతా వెనక నుంచి వచ్చి ఆ సన్నటి మెడ మీద పడుతుంది. మధ్యలో ఎముక నలుగుతుంది, జారుతుంది. లోపలి నరాల తాడును నొక్కేస్తుంది. అంతా రెప్పపాటు. కొట్టినవాడి బలం కాదు, తన పరుగే తన మెడను విరుస్తుంది అన్నాడు.

పడుకున్న చోటి నుంచే ఈయన అన్నీ విన్నాడు. "తెలిసింది సార్. సైకిల్ ముందు చక్రం రాయికి కొట్టుకొని నిలబడిపోతాది. పైన మనిషి బరువు వస్తానే ఉంటాది. అప్పుడు మధ్యలో ఫోర్కు వంగతాది. నా షాపుకు వారానికొకటి వచ్చేది అట్లాంటి సైకిలు," అన్నాడు. డాక్టరు అవునన్నాడు. "ఫోర్కయితే పట్టకారు పెట్టి కొట్టి సరి చేస్తుంటి. దీన్ని యాడ కొట్టేది?" అని నావైపు చూసి కన్ను గీటాడు.

వెళ్తూ వెళ్తూ డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి ఒక మాట అడిగాడు. గుర్తులేదని చెప్పాను.

ఏప్రిల్ 12

నరసన్న రాలేదు. మొదట్లో ఒకసారి వచ్చి వెళ్ళాడంతే. పెళ్ళిళ్ళ కాలం కదా. మగ్గం మీద చీరలుంటాయి.

ఏప్రిల్ 29

ఇవాళ కూడా రాలేదు. చీరలుంటాయి.

జూన్ 6, ధర్మవరం

ఇంటికి వచ్చేశాం. తలకున్న కొక్కేలు తీసేశారు. చేతులు లేస్తున్నాయి, రెండు అరచేతుల మధ్య గ్లాసు పట్టుకుని తాగుతున్నాడు. నడుము నుంచి కిందికి ఇంకా తెలియడం లేదు. ఇంకా. ఒకే వైపు పడుకోబెడితే పుండ్లు పడతాయని, అత్తా నేనూ పొద్దస్తమానం అటూ ఇటూ తిప్పుతున్నాం. నేను భుజాలు, అత్త నడుము, ఒక్కసారే తిప్పాలి.

ఉర్సు అయిపోయింది. వచ్చే ఉర్సుకు అంటోంది అత్త.

జూన్ 19

ఆయనకు మందార నూనె రాస్తుంటే పాత సాయంత్రాలు గుర్తొచ్చాయి. షాపు మూసి, ఆట ఆడి, ఒళ్ళంతా ఎర్రమట్టితో వచ్చేవాడు. పెరట్లో బండ మీద కూర్చుని, "మెడ పట్టేసింది నఫీసా, కొంచెం తిక్కువా?" అనేవాడు. ఆముదం వెచ్చ చేసి మెడ రుద్దేదాన్ని. ఒక్కోరోజు మెడ నుంచి వేళ్ళ చివరి దాకా కరెంటు కొట్టినట్టు మంట పుట్టిందనేవాడు. కాసేపు చేయి మొద్దుబారేదట. చేతిని విదిలించుకుని నవ్వేసేవాడు. ఎదుటివాడి దెబ్బ గట్టిది అనుకునేవాళ్ళం. ఆ మెడ ఎంత గట్టిగా ఉండేదో! రెండు చేతులా పట్టుకున్నా అందేది కాదు. దాన్ని చూసే నేను ధైర్యంగా నిద్రపోయేదాన్ని.

జులై 16, ఆదివారం

ఇవాళ నేనే నరసన్న ఇంటికి వెళ్ళాను. ఎందుకంటే ఈయన రోజూ వీధి తలుపు వైపు చూడడం నాకు కనపడకుండా పోవడం లేదు.

నరసన్న మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మగ్గం ఆడడం లేదు. నన్ను చూసి దగ్గలేదు.

"ఏం నరసన్నా, మా ఇంటి దోవ మర్చిపోయినావా?"

"పని ఉండాది పాపా."

ఆయన భార్య నీలావతి గడప దగ్గర నుంచే అంది. "యాడిది పని? ఉగాదికి మొదలుపెట్టిన చీర జానెడు నేసినాడు. ఆటకు పోడు, తిండి తినడు. నువ్వన్నా అడుగు ఏమైందో."

ఆమె లోపలికి వెళ్ళాక మెల్లగా మొదలుపెట్టాడు. తల ఎత్తలేదు. "బెంగళూరికి వచ్చినానే, ఆ పొద్దు డాక్టరు చదువుకునే పిల్లోళ్ళకు చెప్తాండె. మెడ దెబ్బ తిన్నోణ్ణి ఎత్తకూడదంట. తల కదలకుండా పట్టుకోని, చెక్క పలక మీద పడుకోబెట్టుకోని పోవాలంట. లేకపోతే విరిగిన ఎముక లోపల నరాన్ని ఇంకా కోసేస్తాదంట. నేనేం చేసినా? మూట మాదిరి భుజానేసుకోని పరిగెత్తినా. వాని తల నా ఈపు మీద ఊగతా ఉండె. ఆసుపత్రి దాకా ఊగతానే ఉండె, పాపా."

"నీకు తెలీదు కదన్నా. ఆ మైదానంలో ఎవురికి తెలుసు?"

"తెలీదంటే వాని కాళ్ళు తిరిగొస్తాయా?"

లేచి వస్తూ చెప్పాను. "ఆయన రోజూ అడుగుతాండాడన్నా."

"ఏమని?"

"నరసన్న యాడ పోయినాడని. అంతే. ఇంకేమీ అడగలేదు."

ఇంటికి వచ్చి జరిగిందంతా ఈయనతో చెప్పాను.

జులై 23, ఆదివారం

నరసన్న వచ్చాడు. గడప అవతల నిలబడిపోయాడు.

"లోపలికి రా అన్నా. నేను లేసి వచ్చి పిలవాలంటే కొంచెం కష్టం," అన్నాడు ఈయన.

నరసన్న వచ్చి మంచం చివర కూలబడి ఆయన రెండు కాళ్ళూ పట్టుకున్నాడు.

"కాళ్ళు పట్టుకుంటే నాకు తెలీదన్నా. చెయ్యి పట్టుకో."

నరసన్న జరిగి వచ్చి చేయి పట్టుకున్నాడు. అప్పుడు ఈయన, ఏదో పాత ఆట సంగతి చెబుతున్నట్టు, చెప్పాడు. "నువ్వు ముట్టుకోకముందే పోయినాయి. తల తగిలినప్పుడే లోపల ఠప్పుమన్నె. ఆ వెంటనే నడుం కింద ఏమీ లేదు. నువ్వు వచ్చి 'లెయ్ పీరా' అంటాంటివే, అప్పటికే అంతా అయిపోయె. నువ్వు ఎత్తినా అంతే, ఎత్తకపోయినా అంతే."

"నిజంగా చెప్తాండావా?"

"అబద్ధం చెప్పి నాకేమొస్తాది? ఇదో, నఫీసా ఆడనే ఉండె. అడుగు."

నరసన్న నావైపు తిరిగాడు. అంత పెద్ద మనిషి కళ్ళు అలా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు.

"నిజమేనన్నా. కాళ్ళు కదల్లేదు. నేను చూస్తానే ఉంటి," అన్నాను.

అప్పుడు ఏడ్చాడు. పక్కింటివాళ్ళు వచ్చి తొంగిచూసేంత గట్టిగా. అత్త టీ తెచ్చి ఇచ్చింది. వెళ్ళేటప్పుడు గడప దగ్గర ఆగి, నన్ను చూసి, చిన్నగా దగ్గాడు.

అదే రోజు, సాయంత్రం

రాయనన్నది ఇప్పుడు రాస్తాను. ఒక్కసారి రాసేస్తే మళ్ళీ రాయనక్కర్లేదు.

హిందూపురం మైదానం. ఆడవాళ్ళకు ఒక పక్క షామియానా వేశారు. ఆట అయిపోవస్తోంది. ఆయన కూతకు వెళ్ళాడు. గొలుసు కట్టారు. ఆయన తల దించాడు. ఎప్పటిలాగే దించాడు, జనం ఎప్పటిలాగే కేకలు మొదలుపెట్టారు, వాళ్ళతోపాటు నేనూ. గొలుసు చివరి మనిషి పక్కకు తప్పుకోబోయి తుంటి అడ్డం తిప్పాడు. ఆయన తల ఆ తుంటికి తగిలి ఆగింది. ఒళ్ళు ఆగలేదు. పైన ఇద్దరు పడ్డారు. వాళ్ళు లేచారు. ఆయన పక్కకు ఒరిగి ఉన్నాడు. కూత లేదు.

నరసన్న పరిగెత్తుకుని వచ్చేలోపల ఆయన ఎడమ కాలు మడమతో మట్టిని తోసింది. లేవడానికి మనిషి తోసినట్టు. మళ్ళీ ఒకసారి తోసింది.

డాక్టరు వరండాలో అడిగింది అదే. పడ్డాక, ఎత్తకముందు, కాళ్ళు ఆడించాడా అమ్మా అని. ఏ నష్టం ఎప్పుడు జరిగిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు, ఊరికే రాసుకోవడానికి అడుగుతున్నాను అని కూడా అన్నాడు.

ఆ రోజు ఎండ నేరుగా కళ్ళలోకి కొడుతోంది. దుమ్ము కూడా. నేను సరిగా చూసి ఉండను.

ఈయన నన్ను ఆ సంగతి అడగలేదు. నేనూ ఈయనను అడగలేదు.

ఆగస్టు 20

నరసన్న ప్రతి ఆదివారం వస్తున్నాడు. ఇద్దరూ కలిసి సైకిల్ చక్రాలతో కుర్చీ తయారు చేస్తున్నారు. అంటే నరసన్న చేస్తాడు, ఈయన పడుకుని తిడతాడు. "స్పోక్ అట్లా బిగిస్తారా ఎవురన్నా? పట్టు దారం అనుకున్నావా?" ఇంట్లో మళ్ళీ కేకలు. అత్త చెవులు మూసుకుని నవ్వుతోంది.

1979 మే

ఉర్సుకు వెళ్ళి వచ్చాం, కుర్చీలో. వచ్చే ఉర్సు మాట అత్త ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. దర్గాలో చక్కెర చదివించి వచ్చాం. మా పుట్టింటి మిద్దె కేసి చూపించి, "ఆడి నుంచే కదా దగ్గింది?" అన్నాడు ఈయన. తెలుసన్నమాట! ఇన్నేళ్ళూ తెలియనట్టే ఉన్నాడు.

1981 నవంబరు 2

షాపు బాగా నడుస్తోంది. ఆయన చూసి చెబుతాడు, పనివాడు చేస్తాడు. జ్వరం తగ్గింది. నడుము పుండు మానింది.

1983 ఫిబ్రవరి 13, పెనుకొండ

ఇది ఇవాళే రాయాలి.

నరసన్న ఇప్పుడు ధర్మవరం కుర్రకారుకు ఆట నేర్పుతాడు. తల దించినవాణ్ణి ఆ పూటకు బయట కూర్చోబెడతాడు. "గడ్డం పైకి, కళ్ళు ఎదురుగా. నీ తల ఆయుధం కాదురా!" అని అరుస్తాడు. పెనుకొండలో మళ్ళీ టోర్నమెంటు పెట్టారని మమ్మల్ని కూడా రైలెక్కించి తీసుకొచ్చాడు. ఇన్నేళ్ళ తర్వాత అదే మైదానం, అదే ఎర్రమట్టి వాసన. ఈయన కుర్చీలో ముందుకు వాలి, ప్రతి పట్టుకూ భుజాలు ఆడిస్తున్నాడు. ఆ ముఖం చూస్తుంటే నాకు వయసు తగ్గినట్టనిపించింది.

గుడిబండ జట్టులో జయరాజు అని ఒకతను. బాగా ఆడుతున్నాడు. మూడో ఆటలో గొలుసు మీదికి తల దించి దూకాడు. ఆ చప్పుడు నాకు తెలుసు. ఈయనకూ తెలుసు.

అతను బోర్లా పడి లేవలేదు. జనం ఒక్కసారిగా గీత దాటి పరిగెత్తారు. నలుగురు వంగి అతని చంకల కింద చేతులు పెట్టబోయారు. "ఎత్తొద్దు! ఎత్తొద్దు!" అని ఈయన కేక వేశాడు. ఆ ఊపిరికి కేక కుర్చీ చక్రాల దాకా కూడా పోలేదు. నేను అరిచాను. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు.

నరసన్నకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పరిగెత్తుకుని పోయి, ఆ నలుగురినీ రెండు చేతులా తోసేసి, జయరాజు తల దగ్గర మట్టిలో బోర్లా పడుకున్నాడు. రెండు అరచేతులూ అతని చెవులకు ఆనించి తలను కదలనివ్వకుండా పట్టుకున్నాడు.

"ఎవురన్నా ముట్టుకున్నారా, చంపతా! పలక తెండి! తలుపు తెండి యాడన్నా!"

గుడిబండవాళ్ళకు కోపమొచ్చింది. "నువ్వెవురప్పా మా వాణ్ణి ఎత్తొద్దనేదానికి?" అని ఒకతను భుజం పట్టి లాగాడు. నరసన్న కదల్లేదు. గడ్డంతో ఈయన కుర్చీ వైపు చూపించాడు. "అదో, ఆయన్ని చూడు. ఆయన్ని ఎత్తింది నేనే."

ఆ మనిషి చూశాడు. చేయి తీసేశాడు.

మా నాయన మా దొడ్డి తలుపు ఊడబెరికి తెచ్చాడు. అందరూ కలిసి ఒక్కసారే, ఒళ్ళు మెలిపడకుండా తిప్పి ఆ తలుపు మీదికి చేర్చారు. ఎలా తిప్పాలో నేనే చెప్పాను, భుజాలు, నడుము, ఒక్కసారే అని. జీపు వచ్చేదాకా నరసన్న ఆ చేతులు తీయలేదు. జీపులోనూ అలాగే పట్టుకుని బెంగళూరుకు బయల్దేరాడు.

ఇవాళ అమ్మ ఇంట్లో ఉన్నాం. దొడ్డికి తలుపు లేదు.

ఫిబ్రవరి 20

మెడ ఎముక విరిగింది గానీ జారలేదట. నరానికి ఏమీ కాలేదు. నరసన్న నేరుగా బెంగళూరు నుంచి వచ్చి చెప్పాడు. చెప్పి, మా గడప మీదే కూర్చుని నిద్రపోయాడు.

జూన్ 5, ఆదివారం, ధర్మవరం

జయరాజు వచ్చాడు. బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ మా వీధికి వచ్చాడు. మెడకు ఇంకా పట్టా ఉంది. సంచిలో గుడిబండ చింతపండు తెచ్చాడు. ఈయన ముందు ఎక్కడ నిలబడాలో, ఏమని మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు.

"కూచో అబ్బా. నువ్వు నిలబడితే నేను తల ఎత్తి చూడల్ల. నాకు మెడ నొప్పి," అన్నాడు ఈయన.

ఇద్దరూ నవ్వారు. అన్నం పెట్టాను. ఆట గురించి, గుడిబండ మైదానం గురించి, అతని రాగి చేను గురించి మాట్లాడుకున్నారు. అతను లేచేటప్పుడు ఈయన అడిగాడు. "మళ్ళా ఆడతావా?"

"లేదన్నా. నేను ఆడను. మా ఊరి పిల్లోళ్ళకు నేర్పమంటాండారు. తల దించొద్దని చెప్తా."

"చెప్పు. నాలుగుసార్లు చెప్పు. మొదటిసారి ఎవురూ వినరు."

అతను వెళ్ళాక, కుర్చీ వీధి వాకిలి దగ్గరికి తోయమన్నాడు. తోశాను. జయరాజు ఎండలో నడుచుకుంటూ పోతున్నాడు. మధ్యలో ఒక గుంట వస్తే తేలిగ్గా దాటాడు. ఎదురుగా సైకిల్ వస్తే పక్కకు తప్పుకున్నాడు. వీధి మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా ఈయన చూస్తూనే ఉన్నాడు.

"బాగా నడుస్తాండాడు," అన్నాడు.

వంగి ఆయన ముఖంలోకి చూశాను. సంతోషం తప్ప ఇంకేమైనా ఉందేమోనని వెతికాను. నాకు కనపడలేదు. కనపడలేదనే రాస్తున్నాను.